సమాధుల తోటలో ఒక సెమిస్టరు

మొన్న అన్నయ్య కూతురు హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. "అత్తా, ఎలక్టివ్ ఒకటి తీసుకోవాలంట. యోగా సీట్లు అయిపోయినయ్. ఫొటోగ్రఫీ కూడా నిండిపోయింది. ఎన్విరాన్‌మెంటల్ ఎథిక్స్ ఒక్కటే ఖాళీగా ఉంది. నువ్వు చేశావంట కదా, ఈజీయేనా?" అని అడిగింది. తీసుకోమని చెప్పాను. ఈజీయేనా అని మళ్లీ అడిగేసరికి సిగ్నల్ సరిగా లేదని అబద్ధమాడి ఫోన్ పెట్టేశాను. పొయ్యి మీద పాలు కాగుతుంటే గరిటె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఇరవై రెండేళ్ల కిందట నేనూ ఆ కోర్సు తీసుకున్నది ఈజీ అని విని మాత్రమే. ఆ సెమిస్టరు పూర్తయ్యేలోగా మా నాన్న నాతో మాట్లాడటం మానేశాడు.

అప్పుడు నేను ఎమ్మే సోషియాలజీ చదువుతున్నాను. మాది కంకిపాడు దగ్గర కాలవ ఒడ్డు ఊరు. యూనివర్సిటీ కృష్ణకి అవతలి వైపు. పొద్దున్నే ఒక బస్సెక్కి, విజయవాడ బస్టాండులో దిగి, ఇంకో బస్సెక్కి, వారధి మీద కిటికీ పక్క సీటు దొరికితే నదిని చూస్తూ, దొరక్కపోతే ఎవరి చంకలోనో తల పెట్టి వెళ్లేదాన్ని. పర్యావరణ నీతిశాస్త్రం క్లాసు మధ్యాహ్నం తొందరగా అయిపోతుందని, రద్దీ మొదలవకముందే తిరుగు బస్సు దొరుకుతుందని సీనియర్ అక్క చెప్పింది. నేను ఆ శాస్త్రంలోకి అడుగు పెట్టిన కారణం అంతే. మిగతావాళ్ల కారణాలు ఇంతకన్నా గొప్పవేం కావు. ఒకడు వేరే ఎలక్టివ్‌లో ఫెయిలై వచ్చాడు, ఇంకొకమ్మాయి స్నేహితురాలి వెంట వచ్చింది. క్లాసు గది జిరాక్స్ షాపు పైన. పాఠం నడుస్తున్నంతసేపూ కింద మిషన్ మూలుగుతూనే ఉండేది.

మాకు చెప్పే సారుది వన్‌టౌన్‌లో తరతరాలుగా అత్తరు వ్యాపారం చేసే ముస్లిం కుటుంబం. ఆయన వ్యాపారంలోకి వెళ్లకపోయినా వాసన మాత్రం వెంట వచ్చింది. ఆయన గదిలోకి వచ్చి వెళ్లాక కూడా మల్లెపూల వాసన లాంటిది బల్ల దగ్గర కాసేపు ఉండిపోయేది. మమ్మల్ని కూడా అండీ అనేవారు. గొంతు పెంచేవారు కాదు. ఆయనకున్న ఒకే ఒక్క చెడ్డ అలవాటు, ఎవరు "మనం" అన్నా ఆపేయడం. మొదటివారమే హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చే అబ్బాయి లేచి, "మనం ప్రకృతిని కాపాడుకోవాలి సార్" అన్నాడు. "మనం అంటే ఎవరండీ?" అన్నారు సారు. "మనుషులం సార్." "ఏ మనుషులండీ? హైవే పక్క హోటలు వాళ్లా, ఆ హోటలు వెనక మురుగు పారే పొలం వాళ్లా?" ఆ అబ్బాయి వాళ్ల బాబాయిదే హోటలు. పాపం, వాడు కూర్చుని మళ్లీ నెల దాకా లేవలేదు. క్యాంటీన్లో మాకు అదొక ఆట అయింది. "మనం టీ తాగుదామా?" అని ఒకరంటే, "మనం అంటే ఎవరండీ?" అని అందరం కోరస్ పాడేవాళ్లం. నవ్వుకున్నాం గానీ, ఆ ప్రశ్న బస్సెక్కి నాతోపాటు ఇంటికి వచ్చేది. పేపర్లో వార్తలు చదువుతుంటే, నాన్న అన్నయ్యతో మాట్లాడుతుంటే, ఆఖరికి ప్రార్థనలో కూడా, ఎక్కడ మనం అన్నమాట వినిపించినా చెవిలో దోమలా మోగేది.

మా నాన్న ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో మేస్త్రీ. ఏ చెట్టుని చూసినా ముందు దాని మాను చూసేవాడు. వేపచెట్టు కింద నీడలో కూర్చుని, "దీన్ని కోస్తే మంచి పలకలు పడతయ్" అనేవాడు. చెట్టంటే అయిష్టం ఉండి కాదు, చేతుల్లో ఉన్న పని కళ్లలోకి వస్తుందంతే. ఆదివారం మాత్రం చేతులు కిరసనాయిలుతో తోముకుని, తెల్లచొక్కా వేసుకుని, చర్చిలో మొదటి వరసలో కూర్చునే సంఘ పెద్ద. మా సంఘంలో పెళ్లిళ్లకి ఎవరు ముందుంటారో చెప్పలేను గానీ, చావుకి నాన్నే. పెట్టె చేయించడం, గొయ్యి తవ్వించడం, భూస్థాపన అయ్యేదాకా నిలబడటం, అన్నీ ఆయనే చూసుకునేవాడు.

అమ్మ అప్పటికి మూడేళ్ల కిందట కామెర్లు ముదిరి పోయింది. షెడ్డు నుంచి నాన్న ఆస్పత్రికి చేరేసరికే ముఖం మీద గుడ్డ కప్పేశారు. బతికుండగా చివరి మాట వినలేకపోయిన మనిషి, పోయాక ఆమెకి ఏమేం చేయగలడో అవన్నీ చేశాడు. సమాధుల తోట గేటు దగ్గర మెరక మీద నల్లరాయి సమాధి, చుట్టూ మోకాలెత్తు సిమెంటు గట్టు, గట్టు మీద షెడ్డులో తనే వంచి అతికించిన ఇనప కంచె. కంచెకి ద్రాక్షతీగ డిజైను పెట్టాడు. ఏటా నవంబరులో వచ్చే సమాధుల పండగకి దానికి వెండిరంగు వేసేవాడు. రంగు వేసేటప్పుడు మమ్మల్ని రానిచ్చేవాడు కాదు.

మా సంఘం సమాధుల తోట కాలవ గట్టు కిందే ఉండేది. మెరక భాగం గేటు వైపు, పల్లం కాలవ వైపు. పల్లంలో పెద్ద పెద్ద చింతచెట్లు. వానలు మొదలవగానే తెల్లకొంగలు, నీటికాకులు వచ్చి వాటి మీద గూళ్లు కట్టేవి. చెట్లు పూలు పూసినట్టు దూరం నుంచి అందంగానే ఉండేవి, దగ్గరికెళ్తే చేపల కంపు. కొంగపిల్లల గోల. సమాధుల మీద రాత్రికి రాత్రి సున్నం వేసినట్టు రెట్టలు. పండగ ముందు రంగులు వేసుకున్నవాళ్లు మర్నాడొచ్చి కొంగల్ని తిట్టేవాళ్లు. ఒక పెద్దావిడ మాత్రం, "మా ఆయన బతికుండగా కూడా వాటిని చెదరగొట్టలేదులే" అని కొంగుతో సమాధి తుడిచి వెళ్లిపోయేది.

ఆ ఏడు వానాకాలంలో మా వీధి చివర ఉండే కూలి మనిషి ఒకావిడ పోయింది. నాట్లకి వెళ్లి వచ్చి, జ్వరమని పడుకుని, మరి లేవలేదు. మెరక మీద ఖాళీ లేదు. పల్లంలో తవ్వితే ఒకచోట నీళ్లు ఊరాయి. ఇంకోచోట గునపం చింతవేరుకి తగిలి ఖంగుమంది. వాన ఆగడం లేదు. పెట్టె మీద టార్పాలిన్ పట్టుకుని మగవాళ్లు నిలబడ్డారు. పాస్టరుగారు చదవాల్సిన వాక్యాలు రెండుసార్లు చదివారు. చివరికి నడుములోతు కూడా లేని గొయ్యిలో, బకెట్లతో నీళ్లు తోడి తోడి, ఆవిణ్ని దించారు. పెట్టె ఒకసారి నీటి మీద తేలింది. అందరం చూశాం. ఆవిడ కూతురు, నా ఈడుది, చేతిలో మట్టి వేయడానికి తీసుకున్న ముద్దతో అలాగే ఉండిపోయింది. నాన్న గొయ్యిలోకి దిగి రెండు చేతులతో పెట్టెని అదిమి పట్టుకున్నాడు. మట్టి వేసేదాకా పట్టుకునే ఉన్నాడు.

ఇంటికొచ్చి స్నానం చేసి తువ్వాలుతో తల తుడుచుకుంటూ అన్నాడు. "పండగ అవ్వగానే ఆ చింతచెట్లు కొట్టించేస్తాను. చెట్టు కోసం మనిషిని నీళ్లలో పెడతామా?" ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. అన్నయ్య తలూపాడు. 

సరిగ్గా ఆ రోజుల్లోనే సారు మాకు పని అప్పగించారు. మీకు దగ్గరగా ఒక తగువు ఉన్న చోటు ఎంచుకోండి, అక్కడ ఎవరెవరికి ఏం కావాలో చూడండి, నోరున్నవాళ్లకీ లేనివాళ్లకీ, అన్నారు. "తీర్పు చివర్లో రాయండి. ముందే రాసుకుని వెళ్లొద్దండీ." నేను సమాధుల తోట అని చెప్పగానే ఆయన ఆ మాటని ఒకసారి పైకి అనుకున్నారు. "తోట అంటారా మీరు? మంచి మాటండీ" అన్నారు.

నేను తీర్పు ముందే రాసుకుని వెళ్లాను. ఆ వయసులో అందరం అంతే. కొంగలు గెలవాలి, గొడ్డళ్లు ఓడిపోవాలి. సాయంత్రాలు బస్సు దిగి ఇంటికి వెళ్లకుండా, సంచీ భుజానే పెట్టుకుని తోటలో కూర్చునేదాన్ని. తల్లికొంగ గొంతులోంచి పిల్ల గొంతులోకి చేప దిగడం చూశాను. గూటిలోంచి జారిపడ్డ పిల్లని కుక్క ఎత్తుకెళ్లడం చూశాను. కానీ రోజూ కూర్చుంటే కళ్లు చెట్ల మీద నుంచి నేల మీదకి దిగుతాయి. పల్లంలో ఉన్నవాళ్లవి మట్టిదిబ్బలు. రెండు వానలకి కుంగి, గడ్డి మొలిచి, ఎవరివో తెలియకుండా పోయినవి. మెరక మీద మావి, మాలాంటివాళ్లవి. సిమెంటు గట్లు, గట్ల చుట్టూ నడవడానికి బండలు, బండల చుట్టూ కంచెలు. ఒక్కొక్కరి చుట్టూ ఇంకొకరు పడుకునేంత చోటు. తోటలో చోటుని చెట్లు తినలేదు, మేం తిన్నాం. చెట్లు కొట్టినంత మాత్రాన పల్లం మెరకవదు. కాలవ నిండితే నీళ్లు మళ్లీ అక్కడికే వస్తాయి. ఈ సంగతి నాకు తట్టింది అమ్మ సమాధి గట్టు మీద కూర్చుని ఉన్నప్పుడు. వెంటనే లేచి నిలబడ్డాను.

ఇదంతా రాసి క్లాసులో చదివాను. హనుమాన్ జంక్షన్ అబ్బాయి బల్ల చరిచాడు కూడా. సారు మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "మీ నాన్నగారికి చెప్పారా?" అన్నారు.

"లేదండి."

"ఇక్కడ చెప్పడం తేలికండీ. ఈ గదిలో ఎవరికీ నొప్పి లేదు."

 చెప్పి తీరాలనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆ రోజు తిరుగు బస్సులో కిటికీ సీటు దొరికింది గానీ, నది దాటడం నాకు తెలియలేదు.

ఆ వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం మీటింగు పెట్టారు. పాస్టరుగారి పక్కన నాన్న నిలబడి, క్లుప్తంగా, ఎప్పటిలాగే తడబడకుండా చెప్పాడు. మొన్న జరిగింది అందరూ చూశారు, అలాంటిది ఇంకోసారి జరగకూడదు, పండగ అవ్వగానే చెట్లు కొట్టిద్దాం, మనకి జాగా కావాలి.

"మనకి అంటే ఎవరికి నాన్నా?"

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందని అందరూ నావైపు తిరిగాకే నాకు తెలిసింది. ఆడవాళ్ల వైపు వెనక వరసలో నిలబడి ఉన్నాను. ఎవరో నవ్వారు. పాస్టరుగారు, "చెప్పమ్మా, చెప్పాలనుకుంది చెప్పు" అన్నారు.

"అయ్యగారూ, మెరక మీద జాగా ఉందండి. ఒక్కో గట్టు తీసేస్తే పక్కన ఇంకొకరు పడతారు. లేనిదల్లా పల్లంలో వాళ్లకే. చెట్లు కొట్టినా వాళ్లని మళ్లీ నీళ్లలోనే పెడతాం."

"అంటే ఏంటమ్మా?" మగవాళ్లలోంచి ఒకాయన లేచాడు. "మా నాన్న సమాధి పగలగొట్టమంటావా?"

"ముందు మా అమ్మదే అంటన్నానండి."

 నాన్న నావైపు చూడలేదు. తన చేతులు చూసుకుంటున్నాడు. అప్పుడు ఆడవాళ్లలోంచి, వానలో తల్లిని పోగొట్టుకున్న పిల్ల లేచింది. తనెప్పుడూ మీటింగులో మాట్లాడింది లేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది. "మా అమ్మని ఎక్కడ పెట్టారో ఇప్పుడు నాకే తెలవట్లేదండి. నీళ్లొచ్చి మట్టంతా కలిసిపోయింది. ఆ చెట్టు ఒక్కటే గుర్తు. అది కూడా కొట్టేస్తే నేను ఏడకొచ్చి నిలబడాల?"

ఎవరి పేరు చెప్పి చెట్లు కొట్టాలనుకున్నారో ఆ మనిషి కూతురే ఆ మాట అంటుందని నాన్నా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. నేను రాసిన కాగితాల్లో కొంగలున్నాయి, వేళ్లున్నాయి, నీళ్లున్నాయి. ఈ పిల్ల లేదు. మా వీధిలోనే ఉండే మనిషి, రోజూ పంపు దగ్గర కనిపించే మనిషి. నేను అడగనేలేదు. పాస్టరుగారు ప్రార్థన చేసి, నిర్ణయం వాయిదా వేశారు.

ఇంటికొచ్చాక నాన్న చొక్కా విప్పి కొయ్యకి తగిలిస్తూ, వెనక్కి తిరక్కుండా అడిగాడు. "మీ అమ్మ సమాధి అడ్డమైందా నీకు?" నేను నోరు తెరిచేలోగా పెరట్లోకి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఉన్నదే ముగ్గురం. అన్నయ్య మా ఇద్దరి మధ్యా టెలిఫోను అయ్యాడు. "అన్నం పెట్టమను" అని నాన్న వాడితో అనేవాడు. "నాన్న అన్నం పెట్టమంటన్నాడు" అని వాడు, రెండడుగుల దూరంలో ఉన్న నాతో అనేవాడు. కొన్నాళ్లకి విసుగొచ్చి, "మీ ఇద్దరూ ఆ కొంగలూ కలిసి నన్ను చంపేస్తున్నారు" అని కంచం ముందు నుంచి లేచిపోయాడు. నవ్వొచ్చే మాటే. ఆ ఇంట్లో నవ్వినవాళ్లు లేరు. నాన్న పనికి వెళ్లేవాడు, వచ్చేవాడు. బైబిలు తెరిచి పెట్టుకుని అదే పేజీ చాలాసేపు చూసేవాడు. నేను తప్పు మాట అన్నానని నాకు అనిపించలేదు. నేను అన్నది ఆయనకి ఎక్కడ తగిలిందో మాత్రం తెలుస్తూనే ఉండేది, పంటి కింద రాయిలా.

పండగ దగ్గరపడింది. ఒక శనివారం నేను బస్సు దిగేసరికి స్టాపులో అన్నయ్య నిలబడి ఉన్నాడు. "నాన్న పనికి పోలా. తోటలో ఉన్నాడు. నేను పోతే పొమ్మన్నాడు. నువ్వెళ్లు" అన్నాడు.

వెళ్లేసరికి ఎండ వాలుతోంది. నాన్న బనీను మీద ఉన్నాడు. షెడ్డు నుంచి తెచ్చిన పనిముట్ల సంచీ పక్కన పడి ఉంది. ద్రాక్షతీగల కంచెని ఒకవైపు గట్టు నుంచి ఊడదీశాడు. రెండో వైపు బోల్టులు తుప్పు పట్టి రావడం లేదు. నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఆ చివర పట్టుకో" అన్నాడు.

పట్టుకున్నాను. ఆయన ఉలి లాంటి శానం పెట్టి సుత్తితో కొడుతుంటే ఆ దెబ్బ ఇనుములోంచి నా చేతుల్లోకి వచ్చేది. కంచె విడిపోయాక ఇద్దరం మోసి గోడకి ఆనించాం. తర్వాత గట్టు. సిమెంటు పెచ్చులుగా లేచింది. ఆయన కొడుతున్నాడు, నేను ఏరి తట్టలో వేస్తున్నాను. పల్లంలో చెట్ల మీద కొంగపిల్లలు గోల చేస్తున్నాయి, అప్పటికే పెద్దవై ఎగరడం నేర్చుకుంటున్నాయి. నల్లరాయిని మాత్రం కదపలేదు. దాని చుట్టూ మట్టి బయటపడ్డాక నాన్న అక్కడే చతికిలబడ్డాడు. సంచీలోంచి నీళ్ల సీసా తీసి తాగి నాకిచ్చాడు.

"మీ అమ్మ వాకిలి ఊడిస్తే పక్కింటి గుమ్మం దాకా ఊడ్చేది. గుర్తుందా? ఇంత కంచె పెడితే ఆమెకి నచ్చేది కాదు" అన్నాడు. సుత్తి సంచీలో వేస్తూ, "అది ఆమె కోసం కాదులేమ్మా. నా కోసం కట్టుకున్నా" అన్నాడు.

నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు. వేళ్ల సందుల్లో సిమెంటు దుమ్ముతో నా తల మీద చెయ్యి వేశాడు. "నాకు వేరే జాగా వెతకొద్దు. దీన్నే తవ్వి, మీ అమ్మ మీదే పెట్టండి. అన్నయ్యకి కూడా చెప్తా."

ఆ ఏడు పండగ రోజున మా అమ్మ సమాధి చుట్టూ ఉత్త మట్టి, దాని మీద బంతిపూలు. నాన్న ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు. అడిగినవాళ్లకి మాత్రం, ఎవరి కుటుంబం వాళ్లు పాత సమాధుల్లోనే సర్దుకుందాం, గట్లు తీసేద్దాం, పల్లంలో పెట్టాల్సినవాళ్లని ఇకనుంచి మెరక మీదే పెడదాం అని చెప్పాడు. కొందరు ఒప్పుకున్నారు. కొందరు మొహం మీదే కాదన్నారు. ఆ రోజు చర్చిలో లేచినాయన కుటుంబంతో సహా వేరే సంఘానికి వెళ్లిపోయాడు. నాన్నకి చిన్నప్పటి స్నేహితుడు ఆయన, మరి మా ఇంటికి రాలేదు. చెట్లన్నీ కూడా మిగల్లేదు. కాలవ గట్టు మీదకి ఒరిగిన రెండింటిని కొట్టించక తప్పలేదు. నాన్నే దగ్గరుండి, గూళ్లు ఖాళీ అయ్యేదాకా ఆగి కొట్టించాడు. మిగతావి ఉండిపోయాయి. ఆ పిల్ల గుర్తు పెట్టుకున్న చెట్టు కూడా.

సెమిస్టరు చివర సారు ఒకసారి తోట చూస్తానని బస్సెక్కి వచ్చారు. నాన్న తెల్లచొక్కా వేసుకుని స్టాపుకి ఎదురు వెళ్లాడు. ఇద్దరూ చెట్ల కింద చాలాసేపు తిరిగారు, నేను వెనక నడిచాను. వన్‌టౌన్‌లో వాళ్ల శ్మశానంలో కూడా ఇదే ఇరుకని సారు చెప్పారు. "మా నాన్నగారి పక్కన ఎవరున్నారో నాకు తెలియదండీ. మొదట్లో బాధపడేవాణ్ని. ఇప్పుడు వెళ్తే అందరికీ కలిపి దువా చేస్తాను." నాన్న ఆయన్ని భోజనానికి ఉండమని పట్టుబట్టాడు. చేపల పులుసు నేనే వండాను, కాస్త ఉప్పెక్కువైంది. ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు. మార్కులు మాత్రం నాకు మామూలుగానే వేశారు సారు. ఎందుకని అడిగితే, "ఆ అమ్మాయిని మీరు అడగలేదు కదండీ" అన్నారు.

నాన్న నాలుగేళ్ల కిందట, ఎండాకాలం మొదట్లో పోయాడు. చెప్పినట్టే చేశాం. అన్నయ్య నల్లరాయిని తీయించి గోడకి ఆనించాడు. తవ్వుతుంటే మట్టి మెత్తగా వచ్చింది. ఆ రాయిని మళ్లీ పెట్టకుండా ఇద్దరికీ కలిపి ఒకే పలక పెడదామనుకుని, ఈ ఏడు, వచ్చే ఏడు అనుకుంటూ పెట్టలేదు. రెండు వానాకాలాలకి దిబ్బ కుంగి నేలలో కలిసిపోయింది. దానికి ఇరువైపులా ఇప్పుడు వేరే వాళ్లున్నారు, వాళ్ల దిబ్బలూ మెల్లగా కుంగుతున్నాయి. అక్కడ ఎవరున్నారో వేలు పెట్టి చూపించగలిగింది నేనూ అన్నయ్యే. మా తర్వాత ఆ చూపించేవాళ్లు కూడా ఉండరు. ఇంకా రాబోయేవాళ్లకి ఆ మాత్రం జాగా మేమూ వదలాలి.